పిస్టల్ ష్రింప్ చప్పుడికి ట్యాంక్ పగలదు, ముందు రాళ్ళ సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మీ ఇంట్లో మూడడుగుల మెరైన్ ట్యాంక్ (సముద్రపు ఉప్పునీటి అక్వేరియం) ఉంది, నడవడం మొదలై ఏడాది దాటింది. రెండు క్లౌన్ చేపలు, సిక్స్ లైన్ రాస్ అనే చిన్న చేప ఒకటి, క్లీనర్ ష్రింప్ అనే రొయ్య ఒకటి ఉన్నాయి. రెండంగుళాల ఇసుక పోసి దాని మీద రాళ్ళు పేర్చారు. ఇప్పుడు పెద్ద డెక్కతో 'టక్' మని చప్పుడు చేసే పిస్టల్ ష్రింప్ అనే రొయ్యని, దానికి జోడీగా ఒక గోబీ చేపని తేవాలని ఉంది. దాని దెబ్బకి గ్లాస్ పగులుతుందని ఒకరు, మిగతా చేపల్ని చంపేస్తుందని ఇంకొకరు చెప్పారు. తేవచ్చా, వద్దా?

తేవచ్చు. గ్లాస్ పగలదు, క్లౌన్ చేపలకూ ఏమీ కాదు. కాకపోతే ట్యాంక్ ఇప్పుడున్న స్థితిలో మాత్రం తేవద్దు. ముందు రాళ్ళని ఇసుక మీద నుంచి తీసి నేరుగా అడుగు గ్లాస్ మీద నిలబెట్టాలి, ఇసుక లోతు పెంచాలి, సిక్స్ లైన్ రాస్‌ని వేరే ట్యాంక్‌కి పంపాలి. ఈ మూడూ అయ్యాక తెచ్చుకోండి. ఇంట్లో పెట్టుకునే మెరైన్ ట్యాంక్‌లో ఇంతకంటే చూడదగ్గ జంట నాకైతే తెలియదు.

నేను హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంకులు ఏర్పాటు చేసి, ఆ తర్వాత వాటి బాగోగులు చూసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. పిస్టల్ ష్రింప్ ఉన్న ట్యాంకుల్లో వచ్చే ఇబ్బందులు బాగానే చూశాను. వాటిలో చప్పుడు వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ తవ్వకం వల్ల వచ్చినవే. అందుకే మీ ప్రశ్న చదవగానే నా దృష్టి డెక్క మీదికి పోలేదు, 'ఇసుక మీద రాళ్ళు' అన్న మాట దగ్గరే ఆగింది.

అయినా అందరి భయమూ చప్పుడు దగ్గరే కాబట్టి ముందు అదేంటో చూద్దాం. ఈ రొయ్యకి రెండు డెక్కలూ ఒకేలా ఉండవు. ఒకటి చిన్నది, పట్టుకోవడానికి, ఏరుకోవడానికి. రెండోది ఒంటికి మించిన సైజులో ఉంటుంది. ఆ పెద్ద డెక్కలో కదిలే వేలి మీద ఒక బుడిపె ఉంటుంది, దానికి ఎదురుగా అది సరిగ్గా కూర్చునే గుంట ఉంటుంది. డెక్కని తెరిచి, బిగబట్టి, ఒక్కసారిగా వదిలితే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో మూసుకుంటుంది. గుంటలో ఉన్న నీళ్ళు సన్నటి ధారగా సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో చిమ్ముతాయి. ఆ వేగానికి అక్కడ ఒత్తిడి పడిపోయి నీళ్ళలో ఒక బుడగ పుడుతుంది. మరుక్షణమే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి దాన్ని నలిపేస్తుంది. మనకి వినిపించే 'టక్' ఆ బుడగ నలిగిన చప్పుడే.

డెక్క రెండు భాగాలూ కొట్టుకోవడం వల్లే ఆ చప్పుడు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. నెదర్లాండ్స్, జర్మనీ శాస్త్రవేత్తలు సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరా పెట్టి చూసి, డెక్క మూసుకున్న తర్వాత బుడగ నలిగినప్పుడే శబ్దం పుడుతోందని 2000లో తేల్చారు. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. బుడగ నలిగే క్షణంలో కంటికి కనిపించనంత చిన్న వెలుగు వస్తుంది, లోపలి వేడి 4,700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ అంకె చూసి చాలామంది బెదిరిపోతారు. కానీ అంత వేడీ ఉండేది నలిగిపోతున్న చిటికెడు బుడగలో, అదీ సెకనులో కోట్లవ వంతు కాలం. చుట్టూ ఉన్న నీళ్ళు వెచ్చబడడం కూడా జరగదు.

'తుపాకీ కంటే పెద్ద శబ్దం, 200 డెసిబెల్స్' అని వీడియోల్లో చెప్తుంటారు కదా, దాని గురించి ఒక్క మాట. నీళ్ళలో డెసిబెల్స్ కొలిచే ప్రమాణం వేరు, గాలిలో కొలిచే ప్రమాణం వేరు. నీళ్ళలోని అంకెని గాలిలోని అంకెతో పోల్చాలంటే సుమారు 60 తీసెయ్యాలి. పైగా ఆ శబ్దం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. దెబ్బగా పనిచేసేది డెక్క ముందు కొద్ది సెంటీమీటర్ల లోపే. చిన్న పీతని, పురుగుని, పొరపాటున ఎదురుపడ్డ బుల్లి రొయ్యని స్పృహ తప్పించడానికి అది చాలు. గట్టి గ్లాస్ మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఈ రొయ్యలు చాలాసార్లు అడుగు గ్లాస్‌నే ఒక గోడగా చేసుకుని బొరియ తవ్వుకుంటాయి. గ్లాస్‌ని ఆనుకునే డెక్క కొడుతూ ఏళ్ళ తరబడి ఉన్న ట్యాంకులు నా దగ్గరే ఉన్నాయి, వాటిలో ఒక్క గీత కూడా పడలేదు.

మీకు చెప్పినవాళ్ళు బహుశా మాంటిస్ ష్రింప్‌తో కలిపేసి ఉంటారు. అది వేరే జీవి. దానికి కాడల మీద కదిలే పెద్ద కళ్ళు ఉంటాయి, ముడుచుకున్న ముందు కాళ్ళతో నేరుగా గుద్దుతుంది. వాటిలో గుద్దే రకాలు పెద్దవైతే గ్లాస్ పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి. పిస్టల్ ష్రింప్ గుద్దదు.

చప్పుడు మాత్రం ఖచ్చితంగా వినపడుతుంది, అది ముందే ఇంట్లో వాళ్ళకి చెప్పి పెట్టండి. నిశ్శబ్దంగా ఉన్న రాత్రిపూట అచ్చం గాజు చిట్లినట్టే ఉంటుంది. అర్ధరాత్రి టార్చ్ వేసుకుని ట్యాంక్ మూలలన్నీ తడిమి చూసి, తెల్లారకముందే నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. గోబీతో జత కట్టే రకాలు అంత తరచుగా కొట్టవు. వాటి రోజంతా తవ్వకంలోనే గడిచిపోతుంది. సముద్రంలో మాత్రం ఈ కుటుంబానికి చెందిన రొయ్యలు వేలకు వేలు కలిసి ఉంటాయి కాబట్టి లెక్క వేరు. అండమాన్‌లో స్నార్కెలింగ్ చేసినవాళ్ళు తల నీళ్ళలో పెట్టగానే చుట్టూ చిటపటలు విని ఉంటారు, అందులో పెద్ద భాగం వీటిదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాముల చప్పుడు వినడానికి పెట్టిన పరికరాలకి ఈ రొద అడ్డొచ్చి, అమెరికా శాస్త్రవేత్తలు దీని మీద ప్రత్యేకంగా అధ్యయనం చేయాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం, రాళ్ళు. ఈ రొయ్య నిద్ర లేచిన దగ్గర్నుంచి ఇసుక మోస్తూనే ఉంటుంది. డెక్కలని ముందుకు చాపి, వాటి మధ్య ఇసుక పోగేసి, బుల్డోజర్ మాదిరి బయటికి తోసుకొస్తుంది. సహజంగానే ఏదో ఒక రాయి కింద మొదలుపెడుతుంది, ఎందుకంటే రాయి దానికి పైకప్పు. రాయి బరువు ఇసుక మీదే ఉంటే, కింద ఇసుక ఖాళీ అయ్యేకొద్దీ రాయి కుంగుతుంది, ఒక రోజు జారుతుంది. కింద ఉన్న రొయ్య నలిగిపోతుంది, లేదా గోబీ నలిగిపోతుంది. పైన నాలుగైదు రాళ్ళు పేర్చి ఉంటే అవి వచ్చి ముందు గ్లాస్‌కి తగులుతాయి. 'పిస్టల్ ష్రింప్ గ్లాస్ పగలగొట్టింది' అని ఎక్కడైనా వింటే, అక్కడ రాళ్ళు దేని మీద నిలబడ్డాయో అడగండి. ఒక ఆఫీసు రిసెప్షన్‌లో వేరేవాళ్ళు పెట్టిన ట్యాంక్ చూడడానికి నన్ను పిలిచారు. మధ్యలో గోపురంలా పేర్చిన రాళ్ళు ఒక పక్కకి ఒరిగిపోయి, చివరి రాయి గ్లాస్‌కి ఆనుకుని ఉంది. అన్నీ ఇసుక మీదే పెట్టారు. రొయ్య బతికే ఉంది, కానీ దాని ఇల్లు సగం కూలిపోయింది. అక్కడ గ్లాస్ మిగలడం అదృష్టమే.

మీ ట్యాంక్ నడుస్తున్నది కాబట్టి పని కాస్త జాగ్రత్తగా చేయాలి. ఒక ఆదివారం పూర్తిగా దీనికే పెట్టుకోండి. సగానికి పైగా నీళ్ళు శుభ్రమైన బకెట్లలోకి, డ్రమ్ములోకి తీసి, చేపల్ని, క్లీనర్ ష్రింప్‌ని అందులోకి మార్చి, చిన్న ఎయిర్ పంప్ పెట్టండి. రాళ్ళు కూడా నీళ్ళలోనే ఉంచండి, ఆరనివ్వకండి, నీళ్ళని శుద్ధి చేసే బ్యాక్టీరియా ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. ఏడాది పాత ఇసుకలో చెత్త బాగా పేరుకుని ఉంటుంది. దాన్ని కదిపి అలాగే వదిలేస్తే చేపలకి విషమైన అమ్మోనియా పెరుగుతుంది. అందుకని పాత ఇసుక చాలావరకు తీసేసి, రెండు మూడు గుప్పెళ్ళు మాత్రం కొత్త దాంట్లో కలపడానికి ఉంచుకోండి.

అడుగు గ్లాస్ మీద రాళ్ళు కూర్చునే చోట ప్లాస్టిక్ జాలీ వెయ్యండి. ఆఫీసు సీలింగ్ లైట్ల కింద చదరాలు చదరాలుగా ఉండే తెల్ల జాలీ సరిపోతుంది. కింద రాళ్ళు వెడల్పుగా, మూడు చోట్ల ఆనేలా ఉండాలి. చేత్తో కదిపితే కదలకూడదు. పైన పెట్టే రాళ్ళని అక్వేరియంకి పనికొచ్చే ఎపాక్సీ పుట్టీతో అతికించండి. అంతా నిలబడిన తర్వాతే ఇసుక పోయాలి. రాయి ముందు, ఇసుక తర్వాత, ఈ వరస మారకూడదు. తర్వాత ఒక వారం పాటు రోజూ అమ్మోనియా టెస్ట్ చేసుకోండి, కనిపిస్తే నీళ్ళు మార్చండి. అంకెలు మామూలుగా ఉండి, చేపలు మామూలుగా తింటుంటే ఇంకో మూడు నాలుగు వారాలు ఆగి అప్పుడు రొయ్య గురించి ఆలోచించండి.

ఇసుక మూడు నుంచి నాలుగు అంగుళాల లోతు కావాలి. అంతా సన్నటి ఇసుకే అయితే బొరియ నిలవదు. పైకప్పు కూలిపోతూ ఉంటుంది, అది మళ్ళీ మళ్ళీ తవ్వుతూ అలిసిపోతుంది. సన్నటి అరగోనైట్ ఇసుకలో (మెరైన్ ట్యాంకులకి వాడే సున్నపు ఇసుక) ఒక పాలు రవ్వలాంటి ముతక ఇసుక, ఆల్చిప్పల ముక్కలు, సెంటీమీటర్ నుంచి మూడు సెంటీమీటర్ల దాకా ఉండే రాతి ముక్కలు కలపండి. ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి తెచ్చుకుని గోడకి, ద్వారానికి పేర్చుకుంటుంది. ఆ పని చూస్తూ కూర్చుంటే టైమ్ తెలియదు. ఆల్చిప్పలు తినడానికి తెచ్చినవే ఉడకబెట్టి, తోమి, ఆరబెట్టి విరగ్గొట్టుకోవచ్చు. బీచ్‌లో దొరికిన పగడపు ముక్కలు మాత్రం తేవద్దు. పగడపు దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, గోర్గోనియన్లూ (విసనకర్రలా ఉండే 'సీ ఫ్యాన్' పగడాలు) మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన ముక్క అయినా చట్టం దృష్టిలో తేడా లేదు. అదే కారణంతో మన తీరం నుంచి తవ్వి తెచ్చిన 'లైవ్ రాక్' (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) ఎవరైనా అమ్ముతుంటే కొనకండి. కృత్రిమంగా తయారుచేసిన, సన్నటి రంధ్రాలున్న రాళ్ళు దొరుకుతున్నాయి, కొన్ని నెలల్లో అవే లైవ్ రాక్ అవుతాయి.

ఏ రకం తేవాలి? ఈ కుటుంబంలో ఆరు వందలకు పైగా జాతులు ఉన్నాయి, గోబీతో కలిసి ఉండేవి వాటిలో కొద్ది మాత్రమే. షాపుల్లో రెండే ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి టైగర్ పిస్టల్, శాస్త్రీయ నామం ఆల్ఫియస్ బెల్లులస్. లేత పసుపు ఒంటి మీద గోధుమ రంగు చారలు ఉంటాయి, మొండిగా బతుకుతుంది, విపరీతంగా తవ్వుతుంది. రెండోది ఆల్ఫియస్ రాండాలి, ఎరుపు తెలుపు పట్టీలతో చిన్నగా, అందంగా ఉంటుంది, తవ్వకం కాస్త తక్కువ. దీన్ని యాషా గోబీ లాంటి చిన్న సన్నటి గోబీలతో జత చేస్తారు. మొదటిసారి పెడుతున్నారు కాబట్టి మీకు నా సలహా టైగర్ పిస్టల్, దానితో ఎల్లో వాచ్‌మన్ గోబీ. ఈ గోబీ పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, తిండి దగ్గర పేచీ పెట్టదు. పసుపు రంగులో కాకుండా బూడిద రంగులో ఉన్నది చూపిస్తే వేరే జాతి అనుకోకండి, రెండూ ఒకటే.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'గోబీ' అన్నంత మాత్రాన జత కట్టదు. క్లౌన్ గోబీ కొమ్మల మీద కూర్చునే రకం, నియాన్ గోబీ ఇతర చేపల్ని శుభ్రం చేసే రకం, డైమండ్ గోబీ ఇసుక జల్లెడ పట్టే రకం. ఇవేవీ రొయ్యతో కాపురం చేయవు. డైమండ్ గోబీ అయితే కట్టిన బొరియ మీదే ఇసుక కుమ్మరిస్తుంది. ఆంబ్లీఎలియోట్రిస్, క్రిప్టోసెంట్రస్, స్టోనోగోబియాప్స్ ప్రజాతుల్లోని చేపలే అడగండి. అలాగే రాళ్ళతో పాటు తెలియకుండా వచ్చేసే పచ్చటి, గోధుమ రంగు చిన్న పిస్టల్ ష్రింప్‌లు చాలావరకు సినాల్ఫియస్ రకాలు. అవి స్పాంజీల్లో, రాతి సందుల్లో ఉంటాయి, గోబీని దగ్గరికి రానివ్వవు.

ఈ జంట ఎలా నడుస్తుందో తెలిస్తే ట్యాంక్ ఎలా పెట్టాలో మీకే అర్థమవుతుంది. రొయ్యకి చూపు చాలా తక్కువ. గోబీకి చూపు ఉంది కానీ ఇల్లు కట్టుకునే శక్తి లేదు. రొయ్య తవ్వి ఇల్లు నిలబెడుతుంది, గోబీ గుమ్మంలో కాపలా కూర్చుంటుంది. రొయ్య బయటికి వచ్చిన ప్రతిసారీ ఒక మీసాన్ని గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక చిన్నగా అదిలిస్తుంది, రొయ్య లోపలికి వెళ్ళిపోతుంది. ప్రమాదం పెద్దదైతే గోబీ కూడా తలకిందులుగా దూరిపోతుంది. సాయంత్రం లైట్లు తగ్గాక ఇద్దరూ లోపలికి వెళ్ళి, చాలాసార్లు రొయ్య ద్వారాన్ని ఇసుకతో మూసేస్తుంది, పొద్దున మళ్ళీ తెరుస్తుంది. అంటే రొయ్య మీకు కనిపించాలంటే గోబీ ధైర్యంగా బయట కూర్చోవాలి. గోబీ భయపడితే మీరు డబ్బు పెట్టి కొన్న రొయ్యని చూడనే చూడరు.

సిక్స్ లైన్ రాస్‌ని పంపించెయ్యమన్నది అందుకే. అది చిన్న చేపే అయినా పెత్తనం ఎక్కువ, కొత్తగా వచ్చిన నెమ్మదైన చేపని వెంటబడి వేధిస్తుంది. చిన్న రొయ్య పెంకు విడిచి మెత్తగా ఉన్న సమయంలో దొరికితే పొడిచేస్తుంది కూడా. అలాగే హాక్‌ఫిష్, ట్రిగ్గర్, పఫర్, డాటీబ్యాక్ చేపలు ఉన్న ట్యాంకుల్లో ఈ జంట వద్దు. మీ క్లౌన్ చేపలు పై నీళ్ళలో తిరుగుతాయి, వాటికీ వీటికీ గొడవ ఉండదు. క్లీనర్ ష్రింప్ కూడా మామూలుగా బతికేస్తుంది. అది చేసే అల్లరల్లా బొరియ దగ్గరికి వచ్చి తిండి ఎత్తుకుపోవడమే. ప్రమాదం ఉన్నది సెక్సీ ష్రింప్ లాంటి బుల్లి రొయ్యలకి, చిన్న హెర్మిట్ పీతలకి, అప్పుడప్పుడూ నత్తలకి. వాటిని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోతే ముందే నిర్ణయించుకోండి. రెండు పిస్టల్ ష్రింప్‌లు పెట్టాలంటే అవి ఆడ మగ జంట అయి ఉండాలి, లేకపోతే కొట్టుకుంటాయి.

నీళ్ళ విషయంలో ప్రత్యేకమైన డిమాండ్లు లేవు, మామూలు రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ట్యాంక్) అంకెలే. సాంద్రత 1.025 దగ్గర, వేడి 24 నుంచి 26 డిగ్రీలు, పీహెచ్ 8.1 నుంచి 8.4. రాగి మాత్రం కొద్దిగా కూడా ఉండకూడదు, రొయ్యలకి అది విషం. చేపల మందుల్లో చాలా వాటిలో రాగి ఉంటుంది కాబట్టి ఈ ట్యాంక్‌లో ఏ మందు వెయ్యాలన్నా లేబుల్ చదవండి. ఇత్తడి వాల్వ్‌లు ఉప్పు నీళ్ళకి తగిలేలా ఉంటే మార్చెయ్యండి. మన బోరు నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసు కదా, తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓ ఒక్కటే సరిపోదు. దాని తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఅయనైజింగ్ రెజిన్ కూడా పెట్టి, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్‌లో సున్నా చూశాకే ఉప్పు కలపండి.

ఎండాకాలం అసలు పరీక్ష. హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలోనో చెన్నైలోనో గాలిలో తేమ ఎక్కువ, అక్కడ ఫ్యాన్ అంతగా పనిచేయదు, చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ కూడా ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, గదికి ఏసీ లేకపోతే చిల్లర్ పెట్టండి. ఫ్యాన్ పెడితే నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు అలాగే మిగిలిపోతుంది, సాంద్రత పెరిగిపోతుంది. తగ్గినంత మేరకు రోజూ పైన చెప్పినట్టు శుద్ధి చేసి, ఉప్పు కలపని నీళ్ళతోనే నింపాలి, ఉప్పు నీళ్ళతో కాదు. కరెంటు పోయినప్పుడు కనీసం ఒక పంపు ఇన్వర్టర్ మీద నడవాలి. ఆక్సిజన్ ముందు తగ్గేది బొరియ లోపలే.

మూత కూడా తప్పనిసరి. గోబీలు బెదిరితే ఎగురుతాయి. గ్లాస్ మూత పెడితే వేడి బయటికి పోదు, ఫ్యాన్ పనిచేయదు, కాబట్టి అల్యూమినియం ఫ్రేమ్‌కి సన్నటి నైలాన్ వల బిగించి పెట్టించుకోండి. దోమల మెష్ చేసేవాళ్ళు చేసిస్తారు. పైపులు, వైర్లు వచ్చే మూలల్లో ఖాళీ వదలొద్దు. నేను చూసిన ట్యాంకుల్లో గోబీ పోవడానికి ఎక్కువగా కారణమైంది ఆ మూలే.

కొనేటప్పుడు రొయ్యకి మీసాలు రెండూ ఉన్నాయా, తాకితే చురుగ్గా వెనక్కి జరుగుతోందా చూడండి. పెద్ద డెక్క ఊడిపోయి ఉంటే ధర తగ్గించమని అడగండి గానీ వదులుకోవక్కర్లేదు. వీటిలో ఒక విచిత్రం ఉంది: పెద్ద డెక్క పోతే తర్వాత పెంకు విడిచే కొద్దీ చిన్న డెక్క పెద్దదవుతుంది, ఊడిన చోట చిన్నది మొలుస్తుంది. ఎడమ కుడి మారిపోతాయి, అంతే. షాపుల్లో ఖర్చు తగ్గించుకోవడానికి సాంద్రత తక్కువగా, 1.020 దగ్గర ఉంచుతుంటారు. అందుకని ఇంటికి తెచ్చాక చుక్కచుక్కగా మీ ట్యాంక్ నీళ్ళు కలుపుతూ గంట, గంటన్నర టైమ్ తీసుకోండి. వలతో పట్టొద్దు, మీసాలు చిక్కుకుంటాయి, కప్పుతో తియ్యండి.

దించేటప్పుడు లైట్లు ఆపేసి, ముందు గ్లాస్‌కి దగ్గరగా ఉన్న ఒక చదును రాయి కింద కొంచెం గుంట చేసి, ప్లాస్టిక్ గొట్టం ద్వారా రొయ్యని సరిగ్గా అక్కడికే జార్చండి. అక్కడ మొదలుపెడితే గుమ్మం మీ కళ్ళ ముందే ఉంటుంది. నీళ్ళ మధ్యలో వదిలేస్తే అది ఎక్కడో వెనక మూలకి పోతుంది, ఇక అక్కడే ఉండిపోతుంది. గోబీని విడిగా క్వారంటైన్‌లో ఉంచి తెచ్చుకోండి, తర్వాత అదే రాయి దగ్గర వదలండి. కొన్ని జంటలు గంటల్లో కలుస్తాయి, కొన్నిటికి వారాలు పడుతుంది. కలవలేదని రాళ్ళు ఎత్తి వెతకొద్దు, మీరు వెతికిన ప్రతిసారీ కట్టిన ఇల్లు కూలుతుంది.

తిండి సులువే. మైసిస్ (రొయ్యలాంటి బుల్లి జీవులు), మునిగే పెల్లెట్లు, చిన్న రొయ్య ముక్కలు, ఏవైనా పొడవాటి పిపెట్‌తో గుమ్మం దగ్గర వదిలితే చాలు. కొన్ని గోబీలు ముక్కని నోటితో తెచ్చి బొరియలో ఉమ్మడం కూడా చూశాను. అయితే ఆంధ్రా, తెలంగాణ వాళ్ళకి ఒక ప్రత్యేక జాగ్రత్త: మార్కెట్ నుంచి తెచ్చిన చెరువు రొయ్యని పచ్చిగా వెయ్యకండి. 1990ల్లో మన కోస్తా రొయ్యల చెరువుల్ని దెబ్బతీసిన వైట్ స్పాట్ వైరస్ ఇప్పటికీ పోలేదు. అది రొయ్యలకీ, పీతలకీ చాలా రకాలకి అంటుకుంటుంది, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించినా చావదని అనుకునే జాగ్రత్త పడాలి. చేపలకి వచ్చే తెల్ల మచ్చల జబ్బు వేరు, అది పరాన్నజీవి వల్ల వస్తుంది. రొయ్య వెయ్యాలంటే బాగా ఉడకబెట్టి, ఉప్పు కారం లేకుండా, ముక్కలు చేసి వెయ్యండి.

కొన్ని వారాలకోసారి గుమ్మం దగ్గర రొయ్య ఆకారం కదలకుండా పడి కనిపిస్తుంది, వెంటనే చచ్చిపోయిందని అనుకోకండి. అది విడిచిన పెంకు కావచ్చు. అద్దంలా పలచగా, లోపల ఖాళీగా, మెడ దగ్గర విడిపోయి ఉంటే అది పెంకే. నిజంగా చచ్చిన రొయ్య తెల్లగానో గులాబీ రంగులోనో మసకబారి ఉంటుంది, వాసన వస్తుంది. పెంకు విడిచాక కొన్ని రోజులు రొయ్య బయటికి రాదు, కొత్త పెంకు గట్టిపడేదాకా అలాగే ఉంటుంది. దీని కోసం అయోడిన్ చుక్కలు అమ్ముతారు, క్రమం తప్పకుండా నీళ్ళు మారుస్తుంటే వాటి అవసరం లేదు.

మిగతా చిన్న సంగతులు. బొరియ చుట్టూ ఇసుకని సైఫన్ చేయకండి. వేవ్‌మేకర్ (నీళ్ళని కదిలించే పంపు) అడుగుకి దగ్గరగా పెడితే రొయ్య తోసిన ఇసుక ఎగిరి ట్యాంక్ అంతా మబ్బు పడుతుంది, పైకి పెట్టండి. చట్టం ఒప్పుకునే రకం కోరల్స్ (పగడాలు) పెంచే ఆలోచన ఉంటే వాటిని ఇసుక మీద పెట్టకండి, రాయికి అతికించండి. అతికించని ముక్కలని ఈ రొయ్య ఎత్తుకెళ్ళి గోడలో పెట్టేస్తుంది. దాని దృష్టిలో అది ఇటుకే. ఒక క్లయింట్ ఇంట్లో వారం పాటు వెతికిన చిన్న కోరల్ ముక్క చివరికి గుమ్మం పక్కన తలకిందులుగా దొరికింది. గోబీ ఎప్పుడైనా పోతే రొయ్య ఒంటరిగా కూడా బతుకుతుంది, కానీ కనిపించడం తగ్గుతుంది. అదే జాతి కొత్త గోబీని తెస్తే మామూలుగా ఒప్పుకుంటుంది.

విశాఖ రాళ్ళ గుంటల్లో, ఉప్పుటేరు బురదలో ఈ కుటుంబం రొయ్యలు బోలెడు ఉంటాయి, వాటిని పట్టి తెచ్చుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. వద్దు. బురదలో, మడ అడవుల్లో ఉండే రకాలు అలవాటుపడ్డ నీళ్ళు, ఇసుక వేరు. అవి మీ గోబీతో జత కట్టవు, వెనక ఏ జబ్బు వెంట తెస్తాయో చెప్పలేం. అక్కడికి వెళ్ళినప్పుడు ఆటు సమయంలో రాళ్ళ మధ్య నిశ్శబ్దంగా కూర్చుని చెవి పెట్టి వినండి, చాలు.

రాళ్ళు మార్చిన తర్వాత, ఇసుక పోయకముందు, ట్యాంక్‌ని ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ రాయి దేని మీద ఆనిందో చూసి, ఎక్కడ గట్టి చేయాలో చెప్తాను.